రేకులన్నీ కొత్తవైతే అది పాత యుద్ధవిమానమే అవుతుందా?

గగనం:
పీ9374 అనే స్పిట్‌ఫైర్, అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ విమానం, దాని కథ తెలిసినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. 1940 మే 24న కలే మీద జరిగిన పోరులో దెబ్బతిని, ఫ్రాన్స్ తీరంలో ఇసుక మీద దిగింది. ఆ ఇసుకే దాన్ని మింగేసింది. మళ్లీ 1980లో బయటపడింది. ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్‌లో పునరుద్ధరించాక 2011లో ఎగిరింది. 2015లో వేలంలో 31 లక్షల పౌండ్లు పలికింది. ఆ సొమ్ము మంచి పనులకే వెళ్లింది, దాని మీద నాకు పేచీ లేదు.

కానీ నలభై ఏళ్లు ఉప్పునీటిలో నానిన రేకుతో ఎవరూ గాల్లోకి లేవలేరు కదా. అంటే ఇప్పుడు ఎగురుతున్నదాంట్లో చాలా భాగం కొత్త లోహమే. ఇలాంటి ప్రాజెక్టులు కొన్నింటిలో పాతదని చూపించడానికి మిగిలేది డేటా ప్లేటు, అంటే విమానం వివరాలు కొట్టిన చిన్న లోహపు బిళ్ల, దానితోపాటు గుప్పెడు భాగాలు. నా దృష్టిలో అది చాలా గొప్పగా చేసిన కొత్త స్పిట్‌ఫైర్. 1940 నాటి పీ9374 అని మాత్రం ఒప్పుకోలేను.

రివెట్:
గగనం గారూ, లోహం ఎందుకు మార్చాల్సి వస్తుందో ముందు చూడండి. పాత అల్యూమినియం పైకి బాగానే కనిపిస్తుంది. పెయింట్ తీసి అంచు దగ్గర చూస్తే పొరలు పొరలుగా ఉబ్బి ఉంటుంది, గోరుతో గీస్తే తెల్లటి పొడి రాలుతుంది. ఉక్కు బోల్టు రేకును ఆనుకున్న చోట తేమ చేరిందంటే ఈ తినేయడం ఇంకా వేగంగా సాగుతుంది. తుప్పు లేదనుకున్నా, ఏళ్ల తరబడి ఒత్తిడి పడ్డ లోహంలో కంటికి కనబడని పగుళ్లు ఉండొచ్చు.

స్పిట్‌ఫైర్ రెక్కలోని ప్రధాన స్పార్, అంటే రెక్క పొడవునా ఉండే దూలం, దాని సంగతే తీసుకోండి. దాని పై అంచు, కింది అంచు రెండూ ఒకదానిలో ఒకటి దూర్చిన చదరపు గొట్టాలతో చేసినవి. విమానం ఒంటి దగ్గర ఎక్కువ గొట్టాలు, కొసకు పోయేకొద్దీ తక్కువ. చాలా తెలివైన ఏర్పాటు. కానీ లోపలి గొట్టం పుచ్చిపోయిందో లేదో బయటి నుంచి తెలియదు, రెక్క మీద పడే బరువంతా మోసేది మాత్రం అదే. పైలట్ ప్రాణం దాని మీద ఆధారపడి ఉన్నప్పుడు "అసలు ముక్కే ఉంచండి" అనడం నాకు న్యాయంగా అనిపించదు.

పైగా యుద్ధం రోజుల్లో ఈ పట్టింపు ఎవరికుంది? బ్రిటన్‌లో దెబ్బతిన్న విమానాలను బాగుచేయడానికి ప్రత్యేకంగా సివిలియన్ రిపేర్ ఆర్గనైజేషన్ నడిపారు. కూలిపోయిన ఒకదాని భాగాలు తీసి ఇంకోదానికి బిగించి మళ్లీ పంపేవారు. ఇంజన్లు మారేవి, రెక్కలు మారేవి. ఏ రోజు ఉన్నదాన్ని "అసలు" అందాం?

పాతరేకు:
ఎగరాలనుకుంటే రివెట్ గారు చెప్పిందంతా నిజమే. కానీ ఎగిరి తీరాలని ఎవరన్నారు?

అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఫ్లాక్-బెయిట్ అనే బీ-26 బాంబర్ ఉంది. రెండు వందలకు పైగా దాడులకు వెళ్లి తిరిగొచ్చింది. దాని ఒంటినిండా అతుకులే, వెయ్యికి పైగా. ఒక్కో అతుకు కింద ఒక్కో తూటా రంధ్రమో, పేలుడు ముక్క చేసిన చిల్లో ఉంది. మ్యూజియం వాళ్లు దానికి కొత్త పెయింట్ వేయకుండా, ఉన్న పెయింటే రాలిపోకుండా కాపాడే పద్ధతి ఎంచుకున్నారు. అదే విమానాన్ని ఎగరడానికి సిద్ధం చేసి ఉంటే ముందు పోయేవి ఆ అతుకుల రేకులే.

లండన్ హెండన్‌లోని మ్యూజియంలో ఉన్న బ్రిటిష్ బాంబర్ హాలిఫాక్స్ డబ్ల్యూ1048 చూడండి. 1942 ఏప్రిల్‌లో జర్మనీ యుద్ధనౌక టిర్పిట్జ్ మీద దాడికి వెళ్లి నార్వేలో గడ్డకట్టిన సరస్సు మీద దిగింది, తర్వాత మునిగిపోయింది. 1973లో పైకి తీశారు. ఈ రోజుకీ చాలావరకు తీసినప్పటి స్థితిలోనే పెట్టారు. నలిగి, తుప్పుపట్టి ఉంటుంది. నాకు మాత్రం తళతళలాడే ఏ బాంబర్ కన్నా అదే ఎక్కువ చెబుతుంది.

ఎగరేస్తే పోగొట్టుకునే ప్రమాదమూ ఉంది. 1942లో లిబియాలో చిక్కిన జర్మన్ ఫైటర్ మెసర్‌ష్మిట్ 109, "బ్లాక్ 6", ఎన్నో ఏళ్ల శ్రమ తర్వాత 1991లో ఎగిరింది. 1997లో డక్స్‌ఫర్డ్ దగ్గర దిగుతూ బోల్తా పడింది. పైలట్ బతికాడు, విమానం మళ్లీ ఎగరలేదు. 2022 నవంబర్‌లో డాలస్ ఎయిర్‌షోలో ఒక బీ-17 బాంబర్‌ను పీ-63 ఫైటర్ ఢీకొని ఆరుగురు చనిపోయారు. రెండు విమానాలూ పోయాయి. అలాంటివి మళ్లీ తయారు చేయలేం.

లాగ్‌బుక్:
మీరంతా లోహం దగ్గరే ఆగిపోయారు. నాకు పెయింట్ ఇంకా పెద్ద సమస్యగా కనిపిస్తుంది.

యుద్ధం ముగిశాక బ్రిటిష్ వాయుసేన కాన్పూర్‌లో వదిలేసిన లిబరేటర్ బాంబర్లను మళ్లీ ఎవరూ వాడకుండా కావాలనే పాడుచేసి వెళ్లారు. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు వాటిని బెంగళూరుకు ఎగరేసుకొచ్చి బాగుచేశారు. భారత వాయుసేన వాటిని 1968 దాకా నడిపింది. వాటిలో ఒకటి తర్వాత అమెరికా చేరింది. ఇప్పుడు దాని మీద "విచ్‌క్రాఫ్ట్" అనే పేరు, రంగులు ఉన్నాయి. ఆ పేరున్న అసలు బాంబర్ ఐరోపాలో 130 దాడులకు వెళ్లిన వేరే విమానం. అంటే ఈ విమానం తన జీవితంలో ఎక్కువ కాలం చేసిన కొలువు దాని ఒంటి మీద ఎక్కడా లేదు. నాకిది నిజంగా బాధగా ఉంటుంది. లోహం చాలావరకు పాతదే కావచ్చు, చరిత్ర మాత్రం అరువు తెచ్చుకున్నది.

మన వాయుసేన రవాణా విమానం, డకోటా "పరశురామ" కూడా ఇలాంటిదే. దాని మీద వీపీ905 అని ఉంటుంది. 1947 అక్టోబర్ 27న, కశ్మీర్ యుద్ధం మొదట్లో, మన సైనికులతో శ్రీనగర్‌లో దిగిన డకోటా నంబరు అది. ఎగురుతున్నది మాత్రం బ్రిటన్‌లో పునరుద్ధరించి, 2018లో వాయుసేనకు అందించిన వేరే డకోటా. నివాళిగా ఆ నంబరు వేయడం మంచిదే. కానీ చూడటానికి వచ్చిన పిల్లలకు ఆ మాట చెప్పాలి.

గగనం:
లాగ్‌బుక్ గారి మాట నన్ను ఆలోచనలో పడేసింది. రివెట్ గారి వాదనలో ఒక భాగం నేనూ ఒప్పుకుంటాను: కొలువులో ఉన్నప్పుడు జరిగిన మార్పులు ఆ విమానం చరిత్రలో భాగమే. కానీ 1940లో మెకానిక్ రాత్రికి రాత్రి మార్చిన రెక్క, 2010లో వర్క్‌షాపులో కొత్తగా చేసిన రెక్క ఒకటి కావు. మొదటిది జరిగిన కథ, రెండోది ఆ కథను మళ్లీ చెప్పడం.

ఇంకో బ్రిటిష్ ఫైటర్, హరికేన్ ఆర్4118 సంగతి వేరు. 1940 నాటి బ్రిటన్ గగనతల యుద్ధంలో 605 స్క్వాడ్రన్‌తో పోరాడి, తర్వాత బనారస్ హిందూ యూనివర్సిటీకి చేరింది. అక్కడ ఆరుబయట పాడవుతూ ఉంటే 1982లో పీటర్ వాచర్ చూశాడు. 2001లో బ్రిటన్ తీసుకెళ్లాడు, 2004లో ఎగిరింది. హరికేన్ ఒళ్లు ఉక్కు గొట్టాలు, చెక్క, గుడ్డ. చెక్క, గుడ్డ ఎప్పుడైనా మార్చాల్సినవే. పైగా అది వాళ్లకు దొరికింది శిథిలాల ముక్కలుగా కాదు, విమానంగా. దీన్నీ ఇసుకలో దొరికినదాన్నీ ఒకే మాటతో పిలుస్తున్నాం, నా గొడవంతా అదే. ఏ భాగం ఎప్పటిదో విమానం పక్కన బోర్డు మీద రాయమంటాను.

పాతరేకు:
బోర్డు సరే. విప్పేసిన పాత ముక్కలు ఎక్కడికి పోతున్నాయి? వాటి మీద ఇన్‌స్పెక్టర్ ముద్రలు, పెన్సిల్ గీతలు, కింది పెయింట్ పొరలు ఉంటాయి. తుక్కులో వేస్తే అవన్నీ పోయినట్టే.

రివెట్:
శ్రద్ధగా చేసేచోట పారేయరు. పుచ్చిపోయిన రిబ్‌నే, అంటే రెక్క ఆకారాన్ని నిలిపే అడ్డపట్టీనే, కొలతలకు వాడతారు, డ్రాయింగ్‌లో లేని మార్పు దానిలో దొరుకుతుంది. కానీ పని అయ్యాక వాటిని నంబర్లు వేసి భద్రపరచాలన్న నియమం అన్నిచోట్లా లేదు, ఉండాలి. ఎగిరే విమానాన్ని మాత్రం నేను వదులుకోను. మెర్లిన్ ఇంజన్ మొరాయిస్తే ఏం చేయాలో, రేకుల్ని కలిపే రివెట్లు ఎలా కొట్టాలో తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారంటే, అవి ఎగురుతున్నందుకే.