అప్‌డేట్: టూ ఇన్ వన్‌లో బుర్రకథ రికార్డింగ్, గొంతు వణుకు సంగతి

గుంటూరులో బుర్రకథను రేడియో, క్యాసెట్ రికార్డర్ కలిసి ఉండే పాత టూ ఇన్ వన్‌లో రికార్డ్ చేస్తే గొంతు వణుకుతోందని, డక్కీ మోగగానే మాట మునిగిపోతోందని అడిగాను కదా. రెండూ వేర్వేరు జబ్బులు.

వణుకు బెల్టుది, అంటే మోటారు తిప్పుడును టేపు నడిపే చక్రాలకు అందించే రబ్బరు పట్టీది. సాగిపోయి, పుల్లీకి తారులా అంటుకుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పుల్లీల చుట్టూ దారంతో కొలిచి, ఆ కొలత కంటే 5 శాతం చిన్న బెల్టు వేశాను. మరీ బిగుతుగా ఉంటే మోటారు బేరింగ్ అరుగుతుంది.

మాట మునగడం అసలు రిపేరే కాదు! రికార్డయ్యే శబ్దాన్ని తనంతట తానే సర్దే ఆటోమేటిక్ లెవెల్ కంట్రోల్, పెద్ద శబ్దానికి గెయిన్ (శబ్దాన్ని పెంచే మోతాదు) దించేసి, నెమ్మదిగా ఎత్తుతుంది. బయటి మైకు కథకుడికి అడుగు దూరంలో, దాని వెనకవైపు డక్కీల దిక్కుగా ఉండేలా పెడితే చాలావరకు తగ్గింది. లోపలి మైకులో పడే మోటారు గరగర కూడా పోయింది.

టేపు మొదట్లో లీడర్ అనే అయస్కాంత పూత లేని ముక్క ఉంటుంది, దాని మీద రికార్డవదు. పెన్సిల్‌తో తిప్పి దాటించాకే రికార్డ్ బటన్ నొక్కండి.