పక్కింటాయన గోడ మా స్థలంలోకి జరిపాడు, కేసు వేయాలా?

తెనాలి దగ్గర మా ఊళ్లో నాన్నగారు కట్టిన ఇల్లు. నేను హైదరాబాద్‌లో ఉంటాను, అమ్మ ఒక్కతే అక్కడ. పక్కింటాయన పాత ప్రహరీ పడగొట్టి కొత్తది మా వైపు అడుగున్నర జరిపి కడుతున్నాడు. అమ్మ పెంచిన కరివేపాకు చెట్టు ఇప్పుడు ఆయన గోడకు అవతల పడింది. అడిగితే "కోర్టులో తేల్చుకో" అన్నాడట. ముప్పై ఏళ్లు కూరా పెరుగూ ఇచ్చిపుచ్చుకున్న ఇళ్లు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు 1: గోడ పూర్తయిందా? కాకపోతే ఆలస్యం చేయకండి. ఇంజంక్షన్ దావా (గోడ కట్టకుండా ఆపమని కోర్టును అడిగేది) వేసి, దాంతోపాటే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 39 కింద, కేసు తేలేదాకా పని ఆపమని తాత్కాలిక ఉత్తర్వు అడగండి. పూర్తయ్యాక అయితే గోడ తీయించి స్థలం అప్పగించమని అడగాలి, అది చాలా సాగుతుంది. దస్తావేజులో హద్దులే కాదు, కొలతలు కూడా ఉన్నాయా చూడండి. సర్వేయర్‌తో కొలిపించడానికి అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున స్థలం చూసి నివేదిక ఇచ్చే లాయరును) వేయమని పిటిషన్ పెట్టవచ్చు.

జవాబు 2: మాది మురుగు కాలువ గొడవ అండీ. తొమ్మిదేళ్లు వాయిదాలకు తిరిగాం, చివరికి లోక్ అదాలత్‌లో రాజీ పడ్డాం. కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వచ్చింది. ఆ రాజీ మీద లోక్ అదాలత్ ఇచ్చే తీర్పును అవార్డు అంటారు, దాని మీద అప్పీలు ఉండదు. దావా వేయండి, కానీ ఆయనతో మాట మాత్రం మానకండి.

అడిగినవారు: గోడ ఇంకా నడుమెత్తే లేచిందట. దస్తావేజు బీరువాలోనే ఉందని అమ్మ చెప్పింది. రాత్రి బస్సుకు బయల్దేరుతున్నాను.