ఫోన్ లాక్ చేస్తే మెట్రోనోమ్ మూగబోతోంది

వయొలిన్ సాధన కోసం బ్రౌజర్‌లో నడిచే చిన్న మెట్రోనోమ్ (లయ తప్పకుండా టిక్కు టిక్కుమని దెబ్బలు వేసే ప్రోగ్రామ్) రాసుకున్నాను. లైబ్రరీలేవీ లేవు, మామూలు జావాస్క్రిప్టే. మొదట సెట్‌ఇంటర్వల్ అనే మామూలు జావాస్క్రిప్ట్ టైమర్‌తో నడిపితే లయ తూలిపోయేది. అందుకని బ్రౌజర్‌లో శబ్దాల కోసం ఉండే వెబ్ ఆడియో గడియారానికి మార్చాను. ఇప్పుడు 25 మిల్లీసెకన్లకోసారి టైమర్ లేచి, రాబోయే 100 మిల్లీసెకన్లలో పడాల్సిన దెబ్బను ముందే షెడ్యూల్ చేస్తుంది. ల్యాప్‌టాప్‌లో నిమిషానికి 72 దెబ్బల చొప్పున గంటసేపు విన్నాను, ఇసుమంత తేడా లేదు.

చిక్కల్లా ఫోన్‌తోనే. స్క్రీన్ లాక్ చేశాక మహా అయితే ఇంకో టిక్కు, అంతే. అన్‌లాక్ చేసి చూస్తే ఆడియో కాంటెక్స్ట్ (వెబ్ ఆడియోలో శబ్దాన్ని నడిపే ఆబ్జెక్ట్) స్టేట్ 'ఇంటరప్టెడ్' అని ఉంటోంది. రెజ్యూమ్ పిలిస్తే 'రన్నింగ్' అంటుంది గానీ పేజీ రీలోడ్ చేసేదాకా శబ్దం రాదు.

టైమర్‌ని పేజీ వెనక విడిగా నడిచే వెబ్ వర్కర్‌లోకి మార్చి చూశాను, లాభం లేదు. స్క్రీన్ ఆరిపోకుండా ఆపే వేక్ లాక్ పెడితే పనిచేస్తుంది, కానీ సాధన అయ్యేసరికి బ్యాటరీ సగం ఖాళీ.

ఇక మిగిలింది ఒక ఆవర్తనాన్ని వేవ్ ఫైల్‌గా తయారుచేసి ఆడియో ట్యాగ్‌లో లూప్ చేయడమే. లూప్ మళ్లీ మొదలయ్యే అతుకు దగ్గర లయ తప్పకుండా, స్క్రీన్ లాక్ అయి ఉన్నా ఆగకుండా దీన్ని ఎవరైనా నడిపించగలిగారా, ఎలా?