యూరిక్ ఆసిడ్ వంశంలోనే ఉంటే పప్పు మానేస్తే తగ్గుద్దా?

కొబ్బరితోట (కవిటి): మా నాన్నకి, చిన్నాన్నకి బొటనవేలి వాపు ఉండేది. నాకు 38 ఏళ్లకే యూరిక్ ఆసిడ్ 8.9. వాపొచ్చిన రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయాను, అలా రెండోసారి ఇది. డాక్టరుగారు యూరిక్ ఆసిడ్ తగ్గించే మాత్ర అల్లోప్యూరినాల్ 100 రోజూ వేసుకోమన్నారు. ఇంట్లో వాళ్లు కందిపప్పు, టమాటా మానెయ్, మాత్ర జోలికి పోవద్దంటున్నారు.

మహేంద్రతనయ (సోంపేట): ముందు పప్పు ఆపండి. నాను ఆపేక 7.8 కాస్తా 7.1కి దిగింది. మాత్ర మొదలెడితే ఇంక జీవితాంతం.

జీడితోట: కల్లు మానెయ్ అన్నా. నెత్తళ్లు కూడా.

గంటస్తంభం (విజయనగరం): పప్పుని వదిలెయ్యండి బాబూ. మా ఇంట్లో గుడ్డు కూడా వండరు, నాకు 9 దాటింది. యూరిక్ ఆసిడ్‌లో సుమారు మూడింట రెండొంతులు కిడ్నీలే బయటికి పంపాలి. ఎస్‌ఎల్‌సీ2ఏ9, ఏబీసీజీ2 లాంటి జన్యువుల్లో తేడా ఉంటే ఆ పంపడం తగ్గుద్ది. 2018లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన చూడండి: మనిషికీ మనిషికీ మధ్య యూరిక్ ఆసిడ్ తేడాలో ఏ తిండి పద్ధతి వాటా కూడా 0.3 శాతం దాటలేదు, జన్యువులది దాదాపు 24 శాతం. మాంసం, చేపలు, బీరు గౌట్‌ని, అంటే ఈ కీళ్ల వాపు జబ్బుని పెంచుతాయని, ప్యూరిన్లు (ఒంట్లో యూరిక్ ఆసిడ్‌గా మారేవి) ఉన్న కూరగాయలు పెంచవని 2004లోనే తేలింది.

మహేంద్రతనయ: అవన్నీ అమెరికా వాళ్ల మీద సేసినవి. మన ఉద్దానం మనిషికి ఎలా అతుకుతాయి? నా 7.1 అబద్ధమా? అది సెప్పండి.

గంటస్తంభం: అబద్ధమని ఎవరన్నారు? 6.8 దాటితే కీళ్లలో స్ఫటికాలు కట్టడానికి వీలుంటుంది. గౌట్ వచ్చినవాళ్లకి 6 లోపు ఉండాలి. 7.1 చూసుకుని సంబరపడితే ఎలా? పప్పొక్కటే మానారా, బీరు కూడానా?

మహేంద్రతనయ: బీరు మాటెత్తొద్దు. నాను ముట్టను. పప్పు సంగతే మాట్లాడండి.

గంటస్తంభం: పప్పు, పప్పు! పెళ్లి భోజనానికి కూర్చుంటే మా అత్తవారి తరఫు వాళ్లందరి ముందూ "నోరు కట్టుకోలేడు, అందుకే కాలు" అన్నారు నన్ను. మా తాతకీ ఇదే జబ్బు. పుట్టుకతో వచ్చినదానికి నన్నెందుకు దోషిని చేస్తారు? మీరిక్కడ రాసేది కూడా అదే మాట.

మహేంద్రతనయ: మిమ్మల్ని దోషి అనలేదు. మా అన్నయ్యకి మోకాళ్ల నొప్పులని ఊళ్లో ఒకాయన ఏళ్ల తరబడి మాత్రలిచ్చాడు. ఇప్పుడు డయాలసిస్. మా వీధిలో అలాంటివాళ్లు ఇంకొందరున్నారు. రోజూ మాత్ర అని సెప్పడం విజయనగరంలో తేలిక. మాకు ఆ మాట వింటేనే కడుపులో దడ.

గంటస్తంభం: అది ముందే చెప్పాల్సింది కదా అన్నా. మీ అన్నయ్యకిచ్చినవి నొప్పి మాత్రలు అయ్యుంటాయి. డైక్లోఫినాక్ లాంటివి కిడ్నీకి చేటే, కాదనను. అల్లోప్యూరినాల్ ఆ జాతి కాదు. ఇది మానేసి వాపొచ్చినప్పుడల్లా నొప్పి మాత్ర మింగితేనే అసలు ప్రమాదం.

ల్యాబ్‌లో పనిచేస్తాను: ఒక మాట. వాపున్న రోజు తీసిన రక్తంలో యూరిక్ ఆసిడ్ మామూలుగానే కనిపించొచ్చు, తగ్గాక మళ్లీ చేయించండి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా అదే రక్తంలో చూడమనండి. బీపీకి నీరు పోయే మాత్ర వాడుతుంటే డాక్టరుగారికి చెప్పండి, కొన్ని రకాలు దీన్ని పెంచుతాయి. అల్లోప్యూరినాల్ మొదలెట్టాక ఒంటి మీద దద్దుర్లొస్తే వెంటనే ఆపి ఆసుపత్రికెళ్లాలి, అరుదే గానీ ప్రాణం మీదకొస్తుంది. మొదటి నెలల్లో వాపు మళ్లీ రావొచ్చు, దానికి కాల్చిసిన్ అనే వాపు మాత్ర రాస్తారు. వాపొచ్చిందని అల్లోప్యూరినాల్ పారెయ్యకండి.

కొబ్బరితోట: నాకు క్రియాటినిన్ ఎవరూ రాయలేదు. రేపు పలాస వెళ్లి చేయిస్తాను.

మహేంద్రతనయ: ఆ చీటీ ఇక్కడ పెట్టు తమ్ముడూ. ఎక్కువొస్తే మాత్రం ఆ మాత్ర ముట్టుకోకు.

గంటస్తంభం: ఎక్కువొస్తే ఇంకా తక్కువ డోసుతో మొదలెడతారన్నా, మానిపించరు. నిర్ణయం డాక్టరుగారికి వదలండి.

మహేంద్రతనయ: ఏ డాక్టరుకి వదలాలో కూడా మీరే సెప్పండి.