మండలాలు కలవట్లేదు, బుర్ర పనిచేయట్లేదు. కాస్త చూడండి

నోడల్_తిప్పలు · రాత్రి 11:42
అందరికీ నమస్కారం. సాయంత్రం ఐదింటి నుంచి ఇదే పని మీద ఉన్నాను. టీ తాగి తాగి కడుపులో మంట. మా జిల్లాలో శాఖల మధ్య డేటా ఇచ్చిపుచ్చుకునే పనికి నన్ను నోడల్ అధికారిగా వేశారు. వేసేటప్పుడు "పెద్ద పనేం ఉండదమ్మా, ఫైళ్లు తెప్పించుకుని కలపడమే" అన్నారు. ఒక శాఖ ఫైలు, జనాభా ఫైలు కలపాలి. కలవట్లేదు. ఒక్క మండలం కూడా కలవట్లేదు. వీలుకప్ (ఎక్సెల్‌లో రెండు పట్టికలు కలిపే ఫార్ములా) పెడితే అన్నీ ఎర్రర్లే. ఎల్లుండి రివ్యూ మీటింగ్. ఇంకో శాఖ అయితే డేటా ఇవ్వనే ఇవ్వనంటోంది. ఏం చేయాలో ఎవరైనా చెప్పండి ప్లీజ్. స్క్రీన్‌షాట్ పెట్టాను.

కామా_సున్నా · రాత్రి 11:50
కోడ్ కాలమ్ టెక్స్ట్‌గా మార్చండి.

సెక్షన్_9 · రాత్రి 11:58
మేడమ్, ముందు ఆ స్క్రీన్‌షాట్ తీసేయండి. దయచేసి ఇప్పుడే. మూడో కాలమ్‌లో పేర్లు, ఐదో కాలమ్‌లో ఫోన్ నంబర్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఫైలు పేరులో "సికిల్ సెల్ స్క్రీనింగ్" అని కూడా ఉంది, అంటే తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తం జబ్బు పరీక్షలు. ఎవరికి ఏ జబ్బుందో మూడు వందల మంది ఉన్న గ్రూపులో పెట్టేశారు మీరు.

నోడల్_తిప్పలు · అర్ధరాత్రి 12:03
అయ్యో, తీసేశాను. చూసుకోలేదు. సారీ.
@కామా_సున్నా టెక్స్ట్‌గా మార్చాను సార్. ఏమీ మారలేదు.

కామా_సున్నా · అర్ధరాత్రి 12:06
ముందే సున్నా ఎగిరిపోయాక ఫార్మాట్ మారిస్తే తిరిగి రాదు. 2011 జనాభా లెక్కల్లో మండలం కోడ్ ఐదంకెలు. మన వైపు చాలావాటికి ముందు సున్నా ఉంటుంది. ఎక్సెల్‌లో తెరవగానే అది ఎగిరిపోయి నాలుగంకెలు మిగులుతాయి. పక్కన కొత్త కాలమ్ తీసి, టెక్స్ట్ ఫంక్షన్‌లో ఐదు సున్నాలు ఇవ్వండి.

సెక్షన్_9 · అర్ధరాత్రి 12:20
స్క్రీన్‌షాట్ తీసేసినందుకు సంతోషం. అయినా చెప్పాల్సింది చెప్తాను. గణాంకాల సేకరణ చట్టం 2008లోది. అందులో 9వ సెక్షన్ ఏమంటుందంటే, ఆ చట్టం కింద జనం ఇచ్చిన సమాచారాన్ని గణాంకాల కోసం మాత్రమే వాడాలి. ఆ పనిలో లేనివాళ్లకు నింపిన ఫారాలు చూపించకూడదు. జనాభా లెక్కల చట్టం 1948లోది. అందులో 15వ సెక్షన్ ఇంకా గట్టిది, ఆ రికార్డులు ఎవరూ తనిఖీ చేయడానికి లేదు, కోర్టులో సాక్ష్యంగా కూడా చెల్లవు. 75 ఏళ్ల కింద రాసినవాళ్లకున్న జాగ్రత్త ఇప్పుడు మనకు వాట్సాప్ వచ్చాక పోయింది. ఫైలు ఏ శాఖ నుంచి ఎలా వచ్చింది? మెయిల్‌లోనా, వాట్సాప్‌లోనా?

నోడల్_తిప్పలు · అర్ధరాత్రి 12:24
వాట్సాప్‌లోనే సార్. అందరూ అలాగే పంపుతారు.

సెక్షన్_9 · అర్ధరాత్రి 12:25
అదీ సంగతి.

పాత_అజమాయిషీ · ఉదయం 5:40
అమ్మా, నేను అర్థగణాంక శాఖలో చేసి రిటైరైన వాణ్ణి. నాకు ఎక్సెల్ పెద్దగా తెలియదు కానీ రోగం ఎక్కడుందో తెలుసు. 1984లో కరణాల వ్యవస్థ తీసేశారు. దాంట్లో ఉన్న అన్యాయం నాకూ తెలుసు, మా నాన్న పొలం విషయంలో పడ్డ బాధ చిన్నప్పుడు కళ్లారా చూశాను. కానీ ఊరి లెక్క ఒక మనిషి చేతిలో ఉన్నప్పుడు, అడంగల్‌లో (ఊరి భూమి, పంటల లెక్క పుస్తకం) రాసింది తప్పైతే ఎవర్ని అడగాలో తెలిసేది. తర్వాత ఒకే ఊరికి రెవెన్యూ వాళ్ల లెక్క ఒకటి, వ్యవసాయ శాఖ లెక్క ఒకటి. పొలం గట్టు మీద నిలబడి చూడకుండా ఆఫీసులో కూర్చుని అజమాయిషీ (పంట తనిఖీ) రాసేవాళ్లు మొదలయ్యారు. రంగరాజన్ గారి జాతీయ గణాంక కమిషన్ 2001లో ఇచ్చిన నివేదికలోనూ ఇదే బాధ, శాఖల రికార్డుల నుంచి వచ్చే లెక్కలు చెడిపోతున్నాయని.

లీడ్స్_నుంచి · ఉదయం 8:15
ఇక్కడ బ్రిటన్‌లో 2017లో డిజిటల్ ఎకానమీ చట్టం తెచ్చాక గణాంకాల సంస్థ వేరే శాఖల దగ్గరున్న డేటాను అడిగి తీసుకోవడానికి చట్టబద్ధమైన దారి ఏర్పడింది. ఎవరైనా పరిశోధకుడు సూక్ష్మ డేటా (ఒక్కొక్కరి వివరాలు విడిగా ఉన్నది) చూడాలంటే ఐదు ప్రశ్నలు వేస్తారు. పని మంచిదేనా, మనిషి నమ్మదగినవాడేనా, చూసే చోటు భద్రమైనదేనా, డేటాలో మనుషుల గుర్తులు తీసేశారా, బయటికి వెళ్లే ఫలితంలో ఎవరూ దొరికిపోరు కదా. ఐదూ సరే అంటేనే. డెన్మార్క్ వాళ్లయితే 1981లోనే ఇంటింటికీ తిరగకుండా, రిజిస్టర్లు కలిపి జనాభా లెక్కలు చేసేశారు. మన దగ్గర డేటా గవర్నెన్స్ అంటే ఇంకా...

తెనుగు_మాట · ఉదయం 8:31
"డేటా గవర్నెన్స్" అని తెలుగు గ్రూపులో ఎందుకండీ? దత్తాంశ పాలన అనొచ్చు కదా.

కామా_సున్నా · ఉదయం 8:33
దత్తాంశం అంటే మా ఆఫీసులో ఎవరికీ అర్థం కాదు.

తెనుగు_మాట · ఉదయం 8:40
పదో తరగతి గణితంలో సాంఖ్యక శాస్త్రం పాఠమంతా దత్తాంశమే. పిల్లలకు అర్థమైంది ఆఫీసర్లకు అర్థం కాదా? పైగా "షేరింగ్"ని పంచుకోవడం అని రాస్తున్నారు చాలామంది. మా కృష్ణా జిల్లాలో పంచుకోవడం అంటే అన్నదమ్ములు పొలం పంచుకోవడం. ఆ తర్వాత వాళ్ల మధ్య మాటలుండవు.

లీడ్స్_నుంచి · ఉదయం 8:44
శాఖల మధ్యా అంతే కదా, సరిపోయింది :)

పాత_అజమాయిషీ · ఉదయం 9:02
పాలన అనకండి బాబూ. పాలన అంటే పైవాడు కిందవాడి మీద చేసేది. ఇది అజమాయిషీ. ఎవరు రాశారు, ఎవరు సరిచూశారు, తప్పొస్తే ఎవరు దిద్దాలి, అంతే.

నోడల్_తిప్పలు · ఉదయం 9:30
పదాల సంగతి తర్వాత చూద్దాం సార్, దయచేసి. సున్నాల ట్రిక్ పనిచేసింది, చాలా చాలా థాంక్స్ కామా_సున్నా గారూ! నాలుగు తప్ప మిగతా మండలాలన్నీ కలిశాయి. ఆ నాలుగు మాత్రం ఏం చేసినా ఎర్రరే. కోడ్ టైప్ చేసి చూశాను, పేరుతో కలిపి చూశాను. జనాభా ఫైల్లో ఆ పేర్లే లేవు. ఫైలు పాడైందంటారా? మళ్లీ డౌన్‌లోడ్ చేశాను, అదే.

కామా_సున్నా · ఉదయం 9:34
ఏ మండలాలు? ఏ జిల్లా? ఏ సంవత్సరం ఫైలు?

నోడల్_తిప్పలు · ఉదయం 9:41
2011 జనాభా ఫైలే సార్. జిల్లా పేరు ఎందుకులెండి, మళ్లీ పైవాళ్లు చూస్తే. దానికీ దీనికీ సంబంధం ఉందా?

కామా_సున్నా · ఉదయం 9:42
ఉంది.

గోదారి_గట్టు · ఉదయం 10:05
నేను ఊహించి చెప్తాను. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక. అవునా?

నోడల్_తిప్పలు · ఉదయం 10:06
అవే! మీకెలా తెలుసు?

గోదారి_గట్టు · ఉదయం 10:32
మూడేళ్ల కింద నేను కూడా ఇక్కడే పడ్డాను కాబట్టి. ఫైలు పాడవలేదు మేడమ్. 2011లో లెక్కలు తీసినప్పుడు ఈ ప్రాంతం ఖమ్మం జిల్లాలో ఉంది. రాష్ట్రం విడిపోయాక 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో ఇటు, ఆంధ్రలోకి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు మళ్లీ జిల్లా మారింది. మీరు డౌన్‌లోడ్ చేసింది తూర్పు గోదావరి, విశాఖ ఫైళ్లయి ఉంటాయి, 2011 కోడ్ 545, 544. మీకు కావలసినవి 541లో ఉన్నాయి, అంటే ఖమ్మం.

మూడు మండలాలు ఆ ఫైల్లో దొరికిపోతాయి. వి.ఆర్.పురం అని వెతకకండి, వరరామచంద్రపురం అని పూర్తి పేరు ఉంటుంది. గొడవంతా ఎటపాకతో. 2011లో ఎటపాక మండలమే లేదు. అప్పటి భద్రాచలం మండలంలో భద్రాచలం రెవెన్యూ గ్రామం అటే, తెలంగాణలోనే ఉండిపోయింది, మిగతా ఊళ్లు ఇటు వచ్చాయి. కాబట్టి మండలం స్థాయి ఫైలు పనికిరాదు. గ్రామం స్థాయి ఫైలు తీసి, భద్రాచలం ఒక్కటి తీసేసి మిగతావి కూడండి. తొందర్లో భద్రాచలం మండలం అంకె మొత్తం ఎటపాకకు పెట్టేశారంటే పట్టణం జనాభా కూడా వచ్చి పడుతుంది, జబ్బు రేటు సగానికి సగం పడిపోయినట్టు కనిపిస్తుంది. నేను అదే చేశాను. మీటింగ్‌లో "ఎటపాకలో ఇంత బాగా ఎలా తగ్గించారు" అని మెచ్చుకున్నారు కూడా. రెండు నెలలు ఎవరికీ తెలియలేదు.

పక్క జిల్లా కుక్కునూరుతోనూ జాగ్రత్త. దానిలో బూర్గంపాడు నుంచి వచ్చిన కొన్ని ఊళ్లు ఉన్నాయి.

నోడల్_తిప్పలు · ఉదయం 10:40
నిజంగా దండం సార్. రాత్రంతా ఫైలు పాడైందనుకుంటూ కూర్చున్నా.

పాత_అజమాయిషీ · ఉదయం 10:55
అందుకే అమ్మా, మా రోజుల్లో జిల్లా హ్యాండ్‌బుక్‌లో ప్రతి పట్టిక కింద ఏ తేదీ నాటి సరిహద్దులో రాసేవాళ్లం. ఒక్క లైను.

గోదారి_గట్టు · ఉదయం 11:04
ఆ లైను ఇప్పుడు ఎవరూ రాయట్లేదు పెద్దాయనా, అదే చెప్తున్నా. అందుకే శాఖల నుంచి ఫైలు అడిగేటప్పుడు నేను ఒక పేజీ కాగితం పంపుతాను. ఏ పనికి అడుగుతున్నాం, ఏ కాలమ్‌లు కావాలి, ఏ తేదీ నాటి మండలాల జాబితా, కోడ్ ఎల్‌జీడీదా (కేంద్రం నడిపే స్థానిక సంస్థల కోడ్ల జాబితా) సెన్సస్‌దా, మా దగ్గర ఎవరి కంప్యూటర్లో ఉంటుంది, ఎప్పుడు తీసేస్తాం. కింద ఇద్దరి సంతకాలు. ఇవ్వనన్న శాఖ కూడా ఆ కాగితం చూశాక చాలాసార్లు ఇచ్చింది. వాళ్ల భయం డేటా ఇవ్వడం గురించి కాదు, రేపు పేపర్లో తప్పు అంకె వస్తే తమ మెడకు చుట్టుకుంటుందని.

లీడ్స్_నుంచి · ఉదయం 11:10
ఇదే అసలు డేటా గవర్నెన్స్.

తెనుగు_మాట · ఉదయం 11:11
దత్తాంశ పాలన.

సెక్షన్_9 · ఉదయం 11:30
ఒక్కటి అడుగుతాను. మండలాల వారీగా రేటే కావాలనుకుంటే పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న ఫైలు మీ దగ్గరికి ఎందుకొచ్చింది? మండలానికి ఎంతమందిని పరీక్షించారు, ఎంతమందికి ఉంది, ఈ రెండంకెలు చాలు కదా.

నోడల్_తిప్పలు · ఉదయం 11:52
అది... రేటుతో పాటు పేర్లు కూడా కావాలన్నారు సార్. ఆ పేర్లను పెన్షన్ జాబితాతో సరిచూసి, ఎవరైనా అనర్హులుంటే గుర్తించొచ్చని. ఎలాగూ కలుపుతున్నాం కదా, ఒకే పనిలో అయిపోతుందని. అందుకే రెండో శాఖ ఇవ్వనంటోంది అనుకుంటా.

సెక్షన్_9 · మధ్యాహ్నం 12:05
ఈ మాట నిన్న రాత్రి మొదటి పోస్టులోనే చెప్పాల్సింది మేడమ్!! ఇదంతా వేరే కథ. గణాంకాల కోసం తెచ్చిన పేర్లు ఎవరి పెన్షన్ మీదకీ వెళ్లకూడదు. 2023 డేటా రక్షణ చట్టంలో 17వ సెక్షన్ చూడండి. గణాంకాలకు మినహాయింపు ఉంది, కానీ ఆ డేటాతో ఫలానా మనిషి గురించి నిర్ణయం తీసుకోకూడదన్న షరతు మీదే ఉంది. మీరు పెన్షన్ సరిచూస్తే ఆ మినహాయింపు మీకు రాదు.

కామా_సున్నా · మధ్యాహ్నం 12:09
రెండో శాఖ చేసింది కరెక్టే.

గోదారి_గట్టు · మధ్యాహ్నం 12:30
చట్టం సంగతి పక్కన పెడితే, ఒక్కసారి గూడెంలో తెలిసిందనుకోండి, రక్తపరీక్షకు చేయి చాపితే పెన్షన్ పోతుందని. మళ్లీ క్యాంపు పెడితే ఎవరూ రారు. అప్పుడు మన రేటు ఎంత బాగా లెక్కగట్టినా దేనికి? నలభై ఇళ్లున్న గూడేల్లో గ్రామాల వారీ పట్టిక కూడా బయట పెట్టొద్దు. "ఇద్దరు" అని రాస్తే ఆ ఇద్దరెవరో ఊరంతటికీ తెలుసు. పెళ్లి సంబంధాలు చెడిపోతాయి. మండలం స్థాయిలో ఆపేయండి.

లీడ్స్_నుంచి · మధ్యాహ్నం 12:41
కానీ అనర్హులను గుర్తించడం కూడా ప్రభుత్వ పనే కదా? దానికి వేరే అధికారం కింద వేరేగా అడిగితే తప్పేముంది?

సెక్షన్_9 · మధ్యాహ్నం 12:44
వేరేగా అడగమనే చెప్తున్నా. పెన్షన్ శాఖ తన అధికారంతో, తన పేరు మీద అడగాలి. ఈమె సంతకం మీద కాదు.

లీడ్స్_నుంచి · మధ్యాహ్నం 12:50
అదే ఫైలు, అదే పేర్లు. అడిగేవాళ్లు మారితే ఏం మారింది?

సెక్షన్_9 · మధ్యాహ్నం 12:52
అంతా మారింది. మీ ఐదు ప్రశ్నల్లో మొదటిదే అది కదండీ.

పాత_అజమాయిషీ · మధ్యాహ్నం 1:15
అమ్మా, నువ్వు చిన్న ఉద్యోగివి, పైవాళ్లు అడిగితే కాదనలేవు. నోటితో కాదనకు. "రాతపూర్వకంగా ఆదేశం ఇప్పించండి సార్, ఫైల్లో పెట్టుకుంటాను" అను. నా సర్వీసులో సగం పనులు ఆ ఒక్క మాటతో ఆగిపోయాయి. భోంచేశావా?

నోడల్_తిప్పలు · మర్నాడు సాయంత్రం 6:20
నాలుగు మండలాలూ కలిశాయి, ఎటపాక ఊళ్లు కూడి పెట్టాను. మీటింగ్ వచ్చే వారానికి వాయిదా పడింది. పేర్ల సంగతి ఇంకా తేలలేదు, రాతలో ఇమ్మన్నాను, చూద్దామన్నారు. అందరికీ థాంక్స్.

తెనుగు_మాట · మర్నాడు రాత్రి 9:05
"నోడల్"కి ఏమనాలో కూడా ఎవరైనా చెప్తే బాగుండేది.

కొత్త_సభ్యుడు · నాలుగు రోజుల తర్వాత
నాకూ ఇలాంటిదే. కానీ శాఖ వాళ్లు స్కాన్ చేసిన పీడీఎఫ్ ఇచ్చారు, అడ్డంగా తిరిగి ఉంది. ఎక్సెల్‌లోకి ఎలా తేవాలి?