జడల బర్రెలన్నింటికీ ఖనిజ లవణ ఇటుకలు ఇవ్వాలా?

హిమ_పశుపోషణ:
అరుణాచల్‌లో తవాంగ్, పశ్చిమ కామెంగ్ జిల్లాల బ్రోక్పా కాపరులు ఎండాకాలంలో జడల బర్రెల్ని (యాక్‌లను) 4,000 మీటర్ల ఎత్తు దాకా తోలుకెళ్తారు, చలి ముదరగానే కిందికి దిగుతారు. ఎక్కడున్నా మేసిన గడ్డే ఆధారం. ఆ గడ్డిలో రాగి చాలకపోతే ఒంట్లో ఉన్న ఇనుము కూడా రక్తానికి అందదు. వెంట్రుక రంగు వెలిసిపోతుంది, పశువు సరిగా ఎదకు రాదు. కాపరులు ఎలాగూ ఉప్పు పెడుతున్నారు కదా, దాని బదులు ప్రతి మందకూ ఖనిజ లవణ ఇటుక (ఉప్పు, రాగి లాంటి ఖనిజాలు కలిపి పశువులు నాకడానికి చేసే దిమ్మ) ఇవ్వాలన్నది నా వాదన. 2019 పశుగణనలో దేశమంతా కలిపి సుమారు 58 వేల యాక్‌లే తేలాయి. 2012తో పోలిస్తే దాదాపు నాలుగో వంతు తగ్గాయి. ఇంకా ఎన్నాళ్లు ఆలోచిస్తాం?

కొండ_డాక్టర్:
హిమగారూ, రక్తం తగ్గిందంటే రాగి లేదనేనా? చలికాలం కిందికి దిగిన మందల్ని పిడుదులు, జలగలు పీలుస్తాయి. చిత్తడి నేలల్లో మేస్తే కార్జపు జలగలు (కాలేయంలో చేరే నట్టలు) పడతాయి. కారుతున్న కుండలో నీళ్లు పోసి ఏం లాభం? ముందు పేడ పరీక్ష చేయించి నట్టల మందు పోయించండి. కనురెప్ప కింది పొర పాలిపోయిందేమో చూడండి.

రక్త పరీక్ష రిపోర్టు కూడా జాగ్రత్తగా చదవాలి. ఆవు రక్తం లెక్కలు యాక్‌కు సరిపడవు. పైగా నీళ్లు దొరక్క ఎండిపోయిన పశువు రక్తం చిక్కబడి, రక్తహీనత ఉన్నా అంకెలు బాగానే కనిపిస్తాయి.

ఇక ఆకలి సంగతి. 2018-19 చలికాలంలో ఉత్తర సిక్కింలో మంచు కమ్మేసి, మేత అందక కనీసం 300 యాక్‌లు చచ్చిపోయాయి. వాటికి కావాల్సింది గడ్డి మోపు, ఇటుక కాదు.

హిమ_పశుపోషణ:
డాక్టర్‌గారూ, నట్టల మందు వద్దని నేనెక్కడ అన్నాను? కాలేయంలో నిల్వ ఉన్నంత కాలం రక్తంలో రాగి పడిపోదు. పరీక్షలో తేలేసరికి ఆ నిల్వ అడుగంటి ఉంటుంది. అందుకే ముందే ఇవ్వాలంటున్నాను. చూలు పశువు ఈనే దాకా ఆగుతుందా?

పాలమూరు_మంద:
మాది గొర్రెల వలస కుటుంబం. బయల్దేరే ముందు నట్టల మందు పోయించకుండా మా వాళ్లు మంద కదిలించరు. నాది ఒకటే ప్రశ్న. బ్రోక్పాలు యాక్‌లతో పాటు గొర్రెల్ని కూడా మేపుతారు కదా? పశువులకు చేసిన రాగి మిశ్రమం గొర్రెలు నాకితే కార్జం చెడి చచ్చిపోతాయండీ. బండ మీద పెట్టిన ఇటుకను ఏ జీవం నాకుతుందో ఎవరు కాపలా కాస్తారు?

కొండ_డాక్టర్:
అన్నా, అసలు చిక్కు అదే. ఇంకోటి ఉంది. గడ్డిలో మాలిబ్డినం, గంధకం, ఇనుము ఎక్కువైతే తిన్న రాగి కూడా ఒంటబట్టదు. అలాంటి చోట ఇటుకలో రాగి లెక్క వేరు. పశ్చిమ కామెంగ్ జిల్లా దిరాంగ్‌లో జాతీయ యాక్ పరిశోధన కేంద్రం ఉండనే ఉంది. లోయ లోయకూ గడ్డి పరీక్ష చేయించకుండా అందరికీ ఒకే ఇటుక పంచడాన్ని నేను ఒప్పుకోను.

హిమ_పశుపోషణ:
పరీక్షలు చేయించండి, కాదనను. ఈలోగా రాగి లేకుండా ఉప్పు, భాస్వరం, కోబాల్ట్‌తో ఇటుక చేసి ఈ వేసవికే ఇవ్వచ్చు. బి12 విటమిన్ తయారు చేసుకోవడానికి పొట్టలోని సూక్ష్మజీవులకు కోబాల్ట్ కావాలి, అది లేకపోయినా రక్తం తగ్గుతుంది. దీనికైనా అభ్యంతరమా?

కొండ_డాక్టర్:
దీనికి లేదు. కానీ సెలీనియం అనే ఖనిజం మాత్రం అందులో కలపనివ్వకండి. అది మోతాదు కాస్త మీరినా విషమే.