అప్‌డేట్: ప్రయాణంలో ఆడియో మిక్సింగ్ ఏర్పాటు

లాడ్జి గదుల్లో ఉంటూ డాక్యుమెంటరీ మాటలను ఎడిట్ చేసి మిక్స్ చేయడానికి చిన్న స్పీకర్లు వెంట తీసుకెళ్లాలా అని అడిగాను. హెడ్‌ఫోన్స్ చాలన్న మీ సలహానే పాటించాను. చిన్న గదిలో తక్కువ ఫ్రీక్వెన్సీలు ఒకచోట పెరిగి మరోచోట తగ్గిపోతాయి కాబట్టి, అక్కడ స్పీకర్లను నమ్మి బేస్ సరిచేయడం నిజంగానే కష్టం. ఇప్పుడు నా బ్యాగులో ల్యాప్‌టాప్, యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ (ల్యాప్‌టాప్‌కు హెడ్‌ఫోన్స్‌ను కలిపే ఆడియో పెట్టె), ఓపెన్ బ్యాక్ (వెనుక భాగం తెరిచి ఉండే) హెడ్‌ఫోన్స్, రెండు ఎస్‌ఎస్‌డీలు మాత్రమే ఉంటున్నాయి. ఆడియో ఫైళ్ల నాణ్యత 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. చెవులు అలసినప్పుడు మోసపోకుండా లౌడ్‌నెస్ మీటరు చూస్తూ, యూరోపియన్ ప్రసార ప్రమాణమైన −23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత బిగ్గరగా వినిపిస్తుందో చెప్పే కొలమానం) స్థాయికి మిక్స్‌ను తెస్తున్నాను.

అన్నిటికంటే మేలు చేసినది, పనికి ముందు ఫ్యాను, ఫ్రిజ్ ఆపేయమన్న సూచన: ఈ రకం హెడ్‌ఫోన్స్ బయటి శబ్దాన్ని ఆపవు గనుక, ఆ హోరు తగ్గాకే మాటల వెనుక నక్కిన 50 హెర్ట్జ్ హమ్ (కరెంటు సరఫరా వల్ల వచ్చే గుయ్‌మనే శబ్దం) స్పష్టంగా వినిపించింది. స్టీరియోకు ఈ ఏర్పాటు చక్కగా సరిపోతోంది, 5.1 (ఆరు చానళ్ల సరౌండ్) తుది మిక్స్‌ను మాత్రం హైదరాబాదు స్టూడియోలోనే చేస్తాను.